కప్పు వచ్చిందా, బాబూ?

పోయిన నెల ఈ శీర్షికలో ఈత నేర్పించడాన్ని గురించి నాలుగు మాటలు రాశాను. దానిమీద వచ్చిన ఉత్తరాలకు విడివిడిగా జవాబులు రాసుకున్నాను గాని, ఒక్క ఉత్తరానికి మాత్రం అందరి ఎదుటా జవాబు చెప్పడం న్యాయమనిపించింది. అది బళ్ళారి నుంచి ఒక సోదరి రాసినది. వారి అబ్బాయికి తొమ్మిదేళ్లు. సెలవుల్లో ఫుట్‌బాల్ నేర్పే చోట చేర్చారట. ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా ఇది:

“అన్నగారూ, వాడికి బంతి అంటే ప్రాణం. నిద్రలో కూడా కాళ్లు ఆడిస్తాడు. కాని అక్కడ నేర్పే ఆయన పద్ధతి చూస్తే నాకు భయంగా ఉన్నది. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి ఎండలో అయిదు చుట్లు పరుగెత్తిస్తారు. మధ్యలో నీళ్లు తాగితే డొక్కలో నొప్పి వస్తుందని తాగనివ్వరు. పెద్దవాళ్లు ఆడే బంతినే ఇచ్చి వరుసగా యాభైసార్లు తలతో కొట్టమంటారు. మొన్న తలనొప్పి అని వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. మాన్పిద్దామంటే మావారు ‘మగపిల్లవాణ్ణి మెత్తగా పెంచకు’ అంటారు. మా అత్తగారు ‘ఆ పాడు ఆట మనకెందుకు’ అంటారు. మధ్యన నేను ఏమి చెయ్యను?”

అమ్మా, ఆ తలనొప్పి సంగతి ఆలస్యం చెయ్యక డాక్టరుకు చూపించమని మీకు వెంటనే వేరే రాశాను. ఇక మిగిలిన ప్రశ్నకు నా జవాబు ఇది. మీ అత్తగారి మాటా వద్దు, మీవారి మాటా వద్దు. ఆట మాన్పించకండి. నేర్పే పద్ధతి మార్పించండి. మారకపోతే చోటు మార్చండి.

ఇంత గట్టిగా చెప్పడానికి నాకేమి అధికారమున్నదని మీవారు అడగవచ్చు. ముప్ఫై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. కాని ఈ మాట నాచేత పలికిస్తున్నది ఆ అనుభవం కాదు, నేను చేసిన ఒక తప్పు. ఇన్నాళ్లూ ఈ పుటలో దాన్ని రాయలేదు. ఈరోజు రాస్తున్నాను.

నేను చెప్పే కథ

అప్పట్లో మ్యాచికి ముందు పిల్లలను చెట్టుకింద కూర్చోబెట్టి ఒక కథ చెప్పడం నా అలవాటు. అది 1962లో జకార్తాలో జరిగిన ఏషియన్ క్రీడల కథ. ఫైనల్లో మనకు దక్షిణ కొరియాతో పోటీ. మన జట్టులో బ్యాక్ స్థానంలో ఆడే జర్నేల్ సింగుకు అంతకు ముందు థాయిలాండుతో జరిగిన ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. ఆయనను వెనక ఆడించడం కష్టమని ముందుకు పంపి, ఫార్వర్డుగా ఆడించారు. తలకు కట్టుతోనే ఆయన ఫైనల్లో గోలు కొట్టాడు. మనవాళ్లు 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చారు.

ఈ కథ వింటుంటే పిల్లల కళ్లు మెరిసేవి. నా గొంతు కూడా కొంచెం వణికేది. “చూశారా, తల పగిలినా వెనుదిరగనివాడే ఆటగాడు!” అని ముగించేవాణ్ణి.

1994లో బెంగుళూరులో మా పేట పిల్లల జట్టు ఒక పోటీలో ఫైనలుకు వచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లలు. ఆనాడు కూడా ఆ కథ చెప్పాను. ఆట మరో ఆరేడు నిమిషాల్లో ముగుస్తుందనగా, రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు, పైనుంచి వచ్చిన బంతికోసం ఇద్దరు పిల్లలు ఒకేసారి ఎగిరారు. తలకు తల తగిలింది. ఆ చప్పుడు నాకు గట్టు మీదికి వినిపించింది. మావాడు పడ్డాడు, లేచాడు. నేను పరుగున వెళ్లి సోడా పగలగొట్టి ముఖాన చల్లాను. వాడు నావైపు చూసి, “సార్, మనం ఏ వైపు గోలు కొట్టాలి?” అని అడిగాడు.

చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. వీపు తట్టి, చెయ్యి ఆ వైపు చూపించి, మళ్లీ ఆటలోకి తోశాను.

మేము గెలిచాము. ఇంటికి తిరిగి వచ్చే టెంపోలో వాడు వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాము. రాత్రి మళ్లీ మళ్లీ వాంతులు అయి, పిలిస్తే పలకకుండా మగతగా ఉంటే వాళ్ల నాన్న ఆస్పత్రికి తీసుకుపోయాడు. దైవానుగ్రహం వల్ల లోపల నెత్తురు కారలేదు. కాని మెదడు బాగా కుదుపుకు లోనయిందని డాక్టర్లు చెప్పారు. రెండు రోజులు ఆస్పత్రిలో, నెలన్నర ఇంట్లో ఉన్నాడు. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదుతున్నట్లు ఉండేవట. ఆ యేడు పరీక్ష పోయింది.

మర్నాడు నేను ఆస్పత్రికి వెళ్లేసరికి వరండాలో బల్లమీద ఆ పిల్లవాడి నాయనమ్మ టిఫిన్ క్యారియరు ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉన్నది. మదనపల్లె వైపు మనిషి. ఎప్పుడు కనిపించినా కాఫీ ఇవ్వకుండా పంపేది కాదు. నన్ను తిట్టలేదు. ఏడవలేదు. కొంచెంసేపు ఊరుకొని, నిజంగా తెలుసుకోవాలన్నట్లే అడిగింది: “కప్పు వచ్చిందా, బాబూ?”

అవునని చెప్పలేకపోయాను. కాదని చెప్పలేకపోయాను. ఈనాటికీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లవాడు పూర్తిగా కోలుకొని, చదువుకొని, ఈనాడు ఉద్యోగంలో ఉన్నాడు. ఎదురయితే ఆప్యాయంగా పలకరిస్తాడు. కాని ఆ తరువాత మళ్లీ ఏనాడూ మైదానంలోకి రాలేదు. ఆనాడు వాడు గోలుకు అందించిన పాసే వాడి ఆఖరి పాసు.

కథలో మిగిలిన సగం

ఆ తరువాత చాలాకాలానికి నాకు ఒక సంగతి తెలిసివచ్చింది. జకార్తా కథలో నేను పిల్లలకు సగమే చెబుతూ వచ్చాను. తలకు కట్టు కట్టుకొని గోలు కొట్టిన వీరుణ్ణి చెప్పాను గాని, ఆ జట్టును తయారుచేసిన గురువును గురించి చెప్పలేదు.

ఆయన మన హైదరాబాదువారే, సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకున్నది. 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ భారత జట్టుకు ఏషియన్ క్రీడల స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలవడమూ ఆయన చలవే. జకార్తా విజయం నాటికే క్యాన్సరు జబ్బుతో ఉన్న ఆయన 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన మీద 2024లో ‘మైదాన్’ అని హిందీ సినిమా కూడా వచ్చింది.

ఇన్ని కప్పులు తెచ్చిన మనిషి ఆటగాళ్లను ఎలా తయారుచేసేవాడో చూడండి. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకొని ఒక్కడే పరుగెత్తడానికి వీలులేని పోటీలు పెట్టేవాడు. ఎవరికి ఏ కాలు వాటం కాదో ఆ కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవాడు. అంటే ఈరోజు గెలుపు మీద కాదు ఆయన చూపు, పిల్లవాడి రెండో కాలి మీద. రేపు వాడు ఏమవుతాడన్నదాని మీద. అదీ బడిపంతులు బుద్ధి. లెక్కలు రానివాడికి లెక్కలే ఎక్కువ చెప్పాలి కదా!

నేను మళ్లీ ఈల పట్టినప్పుడు ఆయన దగ్గరనుంచి ఒక్కటి అరువు తెచ్చుకున్నాను. వారానికి ఒక రోజు “ఎడమకాలి రోజు”. ఎడమకాలి వాటంవాడికి ఆ రోజు కుడికాలే. ఆ రోజు జట్టులో మేటి అనుకున్నవాడు తడబడతాడు, వెనకబడినవాడు ముందుకు వస్తాడు. అందరూ నవ్వుకుంటారు. నాలుగు నెలలకు రెండు కాళ్లూ మాట వింటాయి.

బంతి ఎంత? బాలుడెంత?

మూడేళ్లవాడికి తాతగారి చెప్పులు తొడిగి పరుగెత్తమంటామా? పెద్దవాళ్ల బంతితో, పెద్దవాళ్ల మైదానంలో చిన్నవాళ్లను ఆడించడం కూడా అంతే.

పెద్దలు ఆడే అయిదో నంబరు బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఎనిమిదేళ్ల లోపు వారికి మూడో నంబరు బంతి, అక్కడినుంచి పన్నెండేళ్ల వరకు నాలుగో నంబరు, ఆపైననే అయిదు. దుకాణంలో అడిగితే నంబరు చూసి ఇస్తారు. ధరలో పెద్ద తేడా ఉండదు.

మైదానమూ అంతే. పదకొండుమంది ఇటు, పదకొండుమంది అటు పెడితే తొమ్మిదేళ్ల పిల్లవాడికి గంటలో బంతి తగిలేది బహు కొద్దిసార్లు. మిగిలిన పొద్దంతా పరుగు, లేదా నిలబడి గోళ్లు కొరుక్కోవడం. అదే చిన్నచోట నలుగురు ఇటు, నలుగురు అటు ఆడితే ప్రతివాడికీ నిమిషానికొకసారి బంతి అందుతుంది. తప్పు చేస్తాడు, వెంటనే దిద్దుకుంటాడు. అందుకే చాలా దేశాల్లో చిన్నవాళ్లకు నలుగురో అయిదుగురో, పదేళ్ల వయసుకు ఏడుగురు, పన్నెండేళ్ల వయసుకు తొమ్మిదిమంది, ఆ తరువాతనే పదకొండుమంది అని మెట్లు కట్టారు. మన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో మొదలుపెట్టిన బేబీ లీగుల వెనక ఉన్నదీ ఈ ఆలోచనే.

ఇక మైదానం చుట్టూ చుట్లు. చిన్నపిల్లలకు బంతి లేని పరుగు వట్టి శిక్ష. బంతితో ఆడుతూ వాళ్లు అంతకంటె ఎక్కువే పరుగెత్తుతారు, నవ్వుతూ పరుగెత్తుతారు. తప్పు చేసినవాణ్ణి పరుగెత్తించడం మరీ తప్పు. ఏ పనిని ప్రేమించాలని నేర్పుతున్నామో, దాన్నే దండనగా చేస్తే వాడికి దానిమీద ప్రేమ ఎలా నిలుస్తుంది?

తల విషయం

తలతో బంతి కొట్టడం ఫుట్‌బాల్‌లో ఒక విద్యే. కాని దానికి వయసున్నది. పిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండలు ఇంకా గట్టిపడి ఉండవు. అందుకే అమెరికాలో 2015లో పదేళ్లు, అంతకు లోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని నియమం పెట్టారు. పదకొండు నుంచి పదమూడేళ్ల వారికి సాధనలో హద్దు పెట్టారు. ఇంగ్లండులో 2020లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు సాధనలో అది వద్దన్నారు. 2024-25 నుంచి పదకొండేళ్ల లోపు వారి మ్యాచుల నుంచి కూడా మెట్టుమెట్టుగా తీసివేస్తూ వచ్చారు. 2019లో గ్లాస్గో పరిశోధకులు స్కాట్లండులోని పాత వృత్తి ఆటగాళ్ల చావులను లెక్కకట్టి చూస్తే, మతిమరుపు జబ్బులాంటి మెదడు క్షీణించే వ్యాధులతో పోయినవారు మామూలు జనంతో పోలిస్తే మూడున్నర రెట్లు తేలారు. వాళ్లు ఏళ్ల తరబడి ఆడిన పెద్దలు. మన పిల్లవాడు ఒకసారి బంతి తలకు తగిలించుకుంటే కొంప మునుగుతుందని దీని అర్థం కాదు. కాని తొమ్మిదేళ్లవాడిచేత రోజుకు యాభైసార్లు కొట్టించడానికి ఏ సమర్థనా లేదు. వయసు వచ్చాక తేలికబంతితో కొద్దికొద్దిగా నేర్పితే సరిపోతుంది.

ఇక దెబ్బ తగిలినప్పుడు. మెదడు కుదుపుకు లోనుకావడాన్ని డాక్టర్లు కంకషన్ అంటారు. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం పొరపాటు. చాలామంది స్పృహ తప్పరు. తల తిరగడం, తలనొప్పి, వాంతి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, తూలడం, మందకొడిగా మాట్లాడడం, అడిగిందే అడగడం, ఏ వైపు ఆడుతున్నాడో మరచిపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా చాలు. ఆ రోజుకు ఆ పిల్లవాడి ఆట ముగిసింది. అనుమానంగా ఉన్నా ముగిసినట్లే. “నేను బాగానే ఉన్నాను సార్” అన్న మాట వినకూడదు. ఆ మాట చెబుతున్నది దెబ్బ తిన్న మెదడే. మొదటి దెబ్బ మానకుండానే రెండోది తగిలితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

మళ్లీ మళ్లీ వాంతి, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్, మెడనొప్పి, చేయి కాలు తిమ్మిరి, చెవి ముక్కుల నుంచి నెత్తురో నీరో కారడం ఉంటే క్షణం ఆగక ఆస్పత్రికి తీసుకుపోవాలి. మెడనొప్పి అంటే పిల్లవాణ్ణి లేపకుండా, కదల్చకుండా 108కి ఫోను చెయ్యాలి. తరువాత ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆపైన ముందు బడి, తరువాత ఆట, అదీ కొద్దికొద్దిగా. బ్రిటనులో 2023లో వేసిన మార్గసూత్రాల ప్రకారం మ్యాచికి దిగడానికి కనీసం 21 రోజులు ఆగాలి. డాక్టరు మాట చివరి మాట.

1994లో ఈ నాలుగు వాక్యాలు నాకు తెలిసి ఉంటే! “ఏ వైపు గోలు కొట్టాలి?” అన్న మాటలోనే వాడు నాకు అంతా చెప్పాడు. నేను నవ్వాను.

ఎండా, నీళ్లూ

బళ్ళారి ఎండ సంగతి బళ్ళారివారికి నేను చెప్పాలా? అక్కడ ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదింటికి ఆట మొదలుపెట్టకూడదు, ముగించాలి. సాయంత్రమయితే అయిదు దాటాక.

నీళ్లు తాగితే డొక్కనొప్పి అన్న మాట నేనూ చిన్ననాట విన్నదే. చెంబెడు నీళ్లు ఒక్కసారి తాగి పరుగెత్తితే కడుపు బరువెక్కుతుంది, నిజమే. కాని పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకసారి ఆపి, అందరిచేత రెండు మూడు గుక్కలు తాగిస్తే ఏ నొప్పీ రాదు. పెద్ద ఆటగాళ్లకే ఎండ, ఉక్క కలిపి కొలిచే కొలతలో 32 డిగ్రీలు దాటితే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఆట ఆపి నీళ్లు తాగనిస్తున్నది. మన పిల్లలు వాళ్లకంటె గట్టివాళ్లా? సెలవులు అయి కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి వారం పదిరోజులు సగం పనే పెట్టాలి. ఒళ్లు ఎండకు అలవాటు పడడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

ఎండదెబ్బకు పిల్లవాడు తికమకగా మాట్లాడినా, కూలిపోయినా ముందు చల్లబరచండి. నీడలోకి తెచ్చి, ఒంటినిండా చల్లని నీళ్లు గుమ్మరించండి, గాలి విసరండి. 108కి కబురు చేస్తూనే ఈ పని సాగాలి. ఆస్పత్రికి చేరేదాకా చల్లబరచకుండా ఉండడం ప్రమాదం. ఇక ఉరుము వినిపిస్తే ఆట ఆపి అందరినీ కప్పు ఉన్న చోటికి తీసుకుపోవాలి. చెట్టుకింద కాదు. ఆఖరి ఉరుము తరువాత అరగంట వరకు మైదానంలోకి దిగకూడదు.

నేలా, ఇనుమూ

నేర్పేవాడు పిల్లలకంటె పదినిమిషాలు ముందు వచ్చి మైదానమంతా ఒకసారి నడవాలి. మా బెంగుళూరు మైదానాల్లో శనివారం పెళ్లిపందిరి వేస్తే ఆదివారం గుంజల గుంతలూ మేకులూ మిగులుతాయి. క్రికెట్టువాళ్లు వదిలిన మేకులు, సీసాపెంకులు సరేసరి. ఒక్క గుంత చాలు, చీలమండ మెలికపడడానికి.

అన్నిటికంటె ప్రమాదం, నేలలో పాతకుండా నిలబెట్టిన ఇనుప గోలు చట్రం. పిల్లలు దాన్ని పట్టుకొని ఊగితే ముందుకు ఒరుగుతుంది. అలా మీదపడి పిల్లలు చనిపోయిన సందర్భాలు అనేక దేశాల్లో ఉన్నాయి. వెనక కడ్డీని మేకులతో నేలకు బిగించాలి, లేదా బరువైన ఇసుకమూటలు వెయ్యాలి. ఆట అయ్యాక బోర్లా పడుకోబెట్టి గొలుసు వెయ్యాలి. పాదాలకు బూట్లు, ముంగాళ్లకు షిన్ గార్డులు తప్పనిసరి. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. వట్టికాళ్లతో ఆడడం ఘనత అనుకునే రోజులు ఏనాడో పోయాయి.

ఎదిగే ఎముకలు

ఆటకు ముందు ఒళ్లు వేడిచేసుకోవడానికి ఒక పద్ధతి ఉన్నది, ‘ఫీఫా 11 ప్లస్’ అంటారు. పరుగులు, ఒంటికాలి మీద నిలబడడం, ఎగిరి మోకాళ్లు వంచి మెత్తగా దిగడం, నడుము కండలకు పని, అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. దానికి పరికరాలేమీ అక్కర్లేదు. 2008లో నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల ఆడపిల్లల మీద పరీక్షించి చూస్తే గాయాలు సుమారు మూడోవంతు, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. ఏడేళ్లు దాటిన చిన్నపిల్లలకు తగినట్లు దాన్నే ఆటలాగా మార్చిన పద్ధతి 2018లో మరొక పరిశోధనలో గాయాలను దాదాపు సగానికి తగ్గించింది.

ఆడపిల్లల పేరు వచ్చింది గనుక మరొక మాట. మన సంఘంలో ఫుట్‌బాల్‌కు ఆడపిల్లలను పంపేవారు ఇంకా తక్కువే. నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టులో ఆడింది. మన పిల్లలకు లేని కాళ్లు ఆ పిల్లకు లేవు కదా! ఆడపిల్లలకు మోకాటి లోపలి కట్టు తెగే ప్రమాదం మగపిల్లలకంటె ఎక్కువ. అందుకు మందు ఆట మాన్పించడం కాదు, పైన చెప్పిన ఇరవై నిమిషాలు తప్పక చేయించడం.

పది పదమూడేళ్ల మధ్య పిల్లలు మడమ నొప్పి అనీ, మోకాటి చిప్ప కింద నొప్పి అనీ అంటారు. అది దొంగనాటకం అనుకోకండి. ఎముక వేగంగా పెరుగుతూ, కండ దాన్ని లాగుతున్నప్పుడు వచ్చే నిజమైన నొప్పి అది. ఆట తగ్గిస్తే తగ్గుతుంది, మొండిగా ఆడిస్తే ముదురుతుంది. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు ఉండాలి. పిల్లవాడి వయసు ఎన్నేళ్లో వారానికి అన్ని గంటలకు మించి సాధన ఉండకూడదన్నది మంచి కొలబద్ద. ఏడాదిలో రెండు మూడు నెలలు వేరే ఆట ఆడనివ్వండి.

ఎముకకు దెబ్బ అనగానే మనవాళ్లకు పుత్తూరు కట్టు గుర్తుకు వస్తుంది. పెద్దల నమ్మకాన్ని నేను కాదనను. కాని పిల్లల ఎముక కొసల్లో పెరిగే భాగం ఒకటి ఉంటుంది. అది చెదిరితే ఎముక వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు. కనుక ఏ కట్టు కట్టినా ముందు ఎక్స్‌రే, ముందు ఎముకల డాక్టరు. నూనె పెట్టి లాగడం వద్దే వద్దు.

ఎవరు మేటి అని పదేళ్లకే తేల్చడమూ తొందరపాటే. ఒకే సంవత్సరంలో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ ఏడాది పొడుగునే మనం ప్రతిభ అనుకుంటాము. పొట్టివాణ్ణి గట్టుమీద కూర్చోబెడితే, వాడు పొడుగయ్యేసరికి ఆట మరచిపోయి ఉంటాడు. అందరినీ సమానంగా ఆడించండి. గోలుకీపరును కూడా వంతులవారీగా మార్చండి.

నమ్మకం గురించి ఒక మాట

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. నేర్పేవాడు ఎంత మంచివాడయినా ఒక పిల్లవాడితోనో పిల్లతోనో ఒంటరిగా మూసిన గదిలో ఉండకూడదు. ప్రయాణాల్లో ఇద్దరు పెద్దలు ఉండాలి. ఫోనులో రాసే మాటలు తల్లిదండ్రులు కూడా చూసే విధంగా ఉండాలి. ఇది అనుమానం కాదు, ఇంటికి తలుపు పెట్టడం వంటిది. మంచి గురువు దీనికి నొచ్చుకోడు. పిల్లల రక్షణకు 2012లో చేసిన పోక్సో చట్టం ఉన్నది, 1098 అనే ఫోను నంబరు ఉన్నది. తెలిసి ఉండడం మంచిది.

తండ్రులకు వేరే విన్నపం. గట్టుమీద నిలబడి “కొట్టరా! అటు కాదురా!” అని కేకలు వెయ్యకండి. పిల్లవాడు బంతిని చూడాలా, మిమ్మల్ని చూడాలా? ఇంటికి వచ్చాక “ఎన్ని గోళ్లు?” అని కాక “బాగా ఆడుకున్నావా?” అని అడగండి.

బళ్ళారి సోదరికి

అమ్మా, రేపు మీవారిని వెంటబెట్టుకొని వెళ్లి ఆ కోచ్‌గారిని మర్యాదగా ఈ ఆరు ప్రశ్నలు అడగండి. బంతి ఎన్నో నంబరు? తలతో కొట్టించడం ఆపుతారా? నీళ్లు ఎంతసేపటికి ఒకసారి ఇస్తారు? ఎండకు ముందే ముగిస్తారా? గోలు చట్రం నేలకు బిగించారా? తలకు దెబ్బ తగిలితే ఏమి చేస్తారు?

ఆయన చెడ్డవాడని నేను అనుకోను. తనకు ఎలా నేర్పారో అలాగే నేర్పుతూ ఉండవచ్చు. నేనూ అంతే చేశాను. విని మార్చుకుంటే ఆయనకంటె మంచి గురువు మీకు దొరకడు. కోపం తెచ్చుకుంటే మరొక చోటు వెదకండి. ఎక్కడా దొరకకపోతే నలుగురు పిల్లలు, ఒక నాలుగో నంబరు బంతి, రెండు జతల చెప్పులు గోలుకు గుర్తుగా చాలు. మీవారినే సాయంత్రం అయిదున్నరకు ఈల పట్టుకొని నిలబడమనండి. పిల్లవాణ్ణి మెత్తగా పెంచవద్దన్నారు కదా, గట్టిగా పెంచడం ఎంత ఓపికతో కూడిన పనో వారికే తెలుస్తుంది.

ఇప్పటికీ నేను ఆదివారాలు పొద్దున ఆరింటికి మైదానానికి పోతాను. పిల్లలకు జకార్తా కథ చెబుతాను, ఈసారి మొత్తం చెబుతాను. రహీం సాహెబు రెండో కాలి సంగతి చెబుతాను. జర్నేల్ సింగు పెద్దవాడనీ, ఆనాటికి వైద్యులకు కూడా ఇంత తెలియదనీ చెబుతాను. తరువాత 1994 సంగతి చెబుతాను. “తలకు దెబ్బ తగిలితే చెయ్యెత్తి బయటికి వచ్చేవాడే నా జట్టులో ధైర్యవంతుడు” అని ముగిస్తాను.

పోయిన నెలలో ఒక చిన్నవాడు అలాగే చెయ్యెత్తి బయటికి వచ్చాడు. ఆ ఆట మేము ఓడిపోయాము. వాణ్ణి నేనే ఇంటికి దిగబెట్టి, ఏ గుర్తులు కనిపిస్తే ఆస్పత్రికి తీసుకుపోవాలో చెప్పి, ఆ రాత్రి రెండుసార్లు ఫోను చేసి కనుక్కున్నాను. ఏమీ కాలేదు. మూడు వారాల తరువాత, డాక్టరు సరేనన్నాక, వాడు బూట్ల తాళ్లు కట్టుకుంటూ మైదానం అంచున కూర్చుని ఉన్నాడు.

ఆ వరండాలో అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతే, అమ్మా. కప్పు రాలేదు. పిల్లవాడు వచ్చాడు.